పాడినవారును, వ్రాసికొనినవారును

పుంగనూరు పాఠశాలలో ఉదయమున పాడెడి జనగణమనయు, కుప్పము పాఠశాలలో పాడెడి జనగణమనయు ఒక్క వరుసలోనే యుండును. పరదేశమున మన క్రీడాకారుడు బంగారు పతకము గెలిచినపుడు, మన భాషలలో నొక్కటియు నెరుగని వాద్యగాండ్రు వాయించునదియు ఆ వరుసయే. దానిని పూర్తిగా పాడుటకు సుమారు 52 సెకనులు పట్టును. ఇన్ని నోళ్లలో, ఇన్ని వాద్యములపై ఒక పాట చెదరక నిలుచుట సామాన్య విషయము కాదు. ఈ పాట చరిత్రలో పై రెండూళ్లున్న సీమలోనిదే యగు మదనపల్లెకు చోటు కలదు.

మదనపల్లె సముద్రమట్టమునకు సుమారు 700 మీటర్ల యెత్తున నున్న పట్టణము. చల్లని గాలికి పేరుగన్నది. అనిబిసెంటుగారు 1915లో అచట నొక కళాశాలను స్థాపించిరి. ఐర్లండు దేశీయుడును కవియు నగు జేమ్స్ కజిన్స్ దానికి ప్రిన్సిపాలుగా నుండెను. ఆయన భార్య మార్గరెట్ 1902లో తన దేశమున సంగీతశాస్త్రమునందు పట్టము పొందిన విదుషి; పియానో వాయించుటలో నేర్పరి. 1919వ సంవత్సరము ఫిబ్రవరిలో రవీంద్రనాథ ఠాకూరుగారు దక్షిణదేశ సంచారముచే నలసి, విశ్రాంతికై యచటికి వచ్చి, ఆ దంపతులకు అతిథియైరి.

ఆ కళాశాలలో రాత్రి భోజనమైన పిదప విద్యార్థులును ఉపాధ్యాయులును కూడి పాటలు పాడుకొను అలవాటుండెడిది. ఒకనాడు రవీంద్రులా కూటమికి వచ్చి జనగణమనను వంగభాషలో పాడిరి. అచటివారిలో పెక్కుమందికి ఆ భాష రాదు. అయినను దేశముల పేర్లు, నదుల పేర్లు, కొండల పేర్లు తెలియును గదా! చరణము ముగియునప్పటికి వారును పల్లవి నందుకొనిరి. ఫిబ్రవరి 28వ తేదీన రవీంద్రులు ఆ గీతమును తామే ఆంగ్లములోనికి మార్చి, దానికి భారతదేశపు ప్రభాతగీతమను అర్థము వచ్చు పేరు పెట్టిరి. మార్గరెట్ ఆ పాటను విని, పియానో మెట్లపై సరిచూచుకొని, పాశ్చాత్య స్వరలిపిలో వ్రాసిపెట్టెను.

జనగణమన మదనపల్లెలోనే పుట్టినదని కొందరు గర్వముతో చెప్పుదురు. అది సరికాదు. 1911 డిసెంబరు 27వ తేదీననే కలకత్తా కాంగ్రెసు సభలో దానిని పాడిరి; వరుసయు రవీంద్రులదే. మదనపల్లెలో జరిగినది వేరు. ఒక సంప్రదాయమువారు పాడిరి. వేరొక సంప్రదాయమువారు విని వ్రాసికొనిరి. ఇది పుట్టుకకంటె తక్కువ ముచ్చటైన సంగతి యేమియు కాదు.

పాశ్చాత్య స్వరలిపిలో అయిదు గీతలుండును. స్వరము గీతలపై ఎంత యెత్తున నున్నచో నాదమంత హెచ్చు. చుక్క యాకారమును బట్టి అది యెంతసేపు నిలువవలెనో తెలియును. దీనిని చదువనేర్చినవాడు పాట నెన్నడును వినకున్నను వాయింపగలడు. కాని మన సంగీతములో స్వరమునకును స్వరమునకును నడుమ జారుడు, ఊపు, కదలిక కలవు. వానిని గమకములందుము. చుక్కలు మెట్లవంటివి, గమకము మెట్ల నడుమ పారు నీటివంటిది. ఈ లోటును తీర్పదలచియే సుబ్బరామ దీక్షితులవారు 1904లో ఎట్టయపురమున ప్రకటించిన ‘సంగీత సంప్రదాయ ప్రదర్శిని’లో గమకములకు వేరువేరు గుర్తులు కల్పించిరి. ఆ మహాగ్రంథము అచ్చుపడినది తమిళదేశములో. లిపి మాత్రము తెలుగు!

మదనపల్లె గోష్ఠి జరిగిన 28 ఏండ్లకు, 1947లో, న్యూయార్కు నగరమున ఐక్యరాజ్యసమితి సమావేశము జరుగుచుండగా, మీ జాతీయగీత మేదియని మన ప్రతినిధుల నడిగిరి. వారియొద్ద జనగణమన రికార్డొకటి యుండెను. అచటి వాద్యబృందమువారు దానిని విని, అభ్యసించి, పెద్దసభలో వాయించిరి. ఈ సంగతి మరుసటి యేట నెహ్రూగారే చెప్పిరి. కాగితము చేత లేనప్పుడు చెవియే లిపి యైనది. 1950 జనవరి 24న ఆ గీతములోని మొదటి చరణము మన జాతీయగీతమయ్యెను.

ఆ 1947లోనే, ఆ న్యూయార్కులోనే ఇట్టి కలయిక మరియొకటి జరిగినది. అమెరికాలోని నల్లజాతివారు పెంచిన సంగీతమునకు జాజ్ అని పేరు. డిజీ గిలెస్పీ అందులో మేటి. ట్రంపెట్టను బూర వాయించెడివాడు. (మార్గరెట్‌గారి పుట్టినింటిపేరును గిలెస్పీయే, బంధుత్వ మేమియు లేదు.) అతడు క్యూబా ద్వీపమునుండి వచ్చిన చానో పోజో అను కొంగా వాద్యగానిని తన బృందములో చేర్చుకొని, సెప్టెంబరు 29న కార్నెగీ హాలులో కచేరీ చేసెను. లాటిన్ జాజ్ అనబడు సంగీతమునకు పేరు తెచ్చిన కచేరీలలో నది యొకటి.

క్యూబా సంగీతమునకు వెన్నెముక క్లావే యను లయ. రెండు కొయ్యముక్కలను ఒకదానితో నొకటి తాకించి దానిని వాయింతురు. మన చిరుతలను తలచుకొనవచ్చును. పదునారు మాత్రల ఆవృత్తమునందు అయిదే దెబ్బలు. వాని నడుమ వ్యవధులు వరుసగా 3, 3, 4, 2, 4 మాత్రలు. బల్లపై చేతితో కొట్టి చూచిన, దెబ్బ సూటిగా పడక పక్కకు ఒరుగుచున్నట్లు తోచును. జాజ్ వాద్యగాండ్ర లయ వేరు. రెండును తగవులాడకుండ పొసగించుట సులభము కాలేదు.

పోజో స్వరలిపి నెరుగడు. ఆంగ్లమును సరిగా రాదు. ‘మాంటెకా’ యను కృతిని కూర్చునపుడు అతడు ఏ వాద్య మేమి వాయింపవలెనో నోటితో పాడి చూపెను. గిలెస్పీయు, మరియొక సంగీతజ్ఞుడును వ్రాసికొనిరి. బస్సు ప్రయాణములలో తోడివారికి తలకొక తాళ మిచ్చి, కలిసి వాయించుట నేర్పెడివాడట. ఆ కృతి 1947 డిసెంబరులో రికార్డయ్యెను. మరుసటి డిసెంబరులో పోజో యువకుడుగనే హతుడయ్యెను. అతని చేతి దెబ్బలోని బరువును ఏ కాగితమును పట్టలేకపోయినది. రికార్డులలో కొంత మిగిలియున్నది.

మదనపల్లెలో మార్గరెట్ వ్రాసిన స్వరములను ఈ సీమలోని బాలబాలికలలో చూచినవారు అరుదు. కుప్పములోగాని, పుంగనూరులోగాని ఒకటవ తరగతి పిల్లవాడు జనగణమన నేర్చుకొనునది ముందువరుసలో నిలుచు పెద్ద తరగతివారి నోటినుండియే. మొదటి నాలుగు దినములు పెదవులు మాత్రము కదలించును. అయిదవనాటికి పల్లవి నందుకొనును.