పవర్స్ లేని హాక్‌ఐ: విల్లు, బాణం, ఒక చెవి మిషన్

ఎవెంజర్స్ సినిమా చూసిన ప్రతి బ్యాచ్‌లోనూ ఒకడు ఈ డైలాగ్ వేస్తాడు. అరే, ఒకడేమో ఉరుముల దేవుడు, ఒకడేమో ఐరన్ సూట్‌లో తిరిగే కోటీశ్వరుడు, ఇంకొకడు కోపమొస్తే బిల్డింగులు కూల్చేస్తాడు, మరి మధ్యలో విల్లు పట్టుకుని ఈ అన్న ఏం చేస్తున్నాడు రా? నేను కూడా వేశాను. బీటెక్ సెకండియర్‌లో, థియేటర్లో, గట్టిగా. ఈ ఎపిసోడ్ ఒక రకంగా దానికి సారీ.

అసలు పేరు క్లింట్ బార్టన్. మొదటిసారి కనిపించింది 1964 సెప్టెంబర్ డేటుతో వచ్చిన టేల్స్ ఆఫ్ సస్పెన్స్ 57వ ఇష్యూలో. రాసింది స్టాన్ లీ, బొమ్మలు డాన్ హెక్. సూపర్‌హీరోల్లో విలుకాడు అప్పటికే ఒకడున్నాడు లెండి, డీసీ వాళ్ళ గ్రీన్ యారో, 1941 నుంచి. కానీ ఆయన డబ్బున్న మారాజు. మనవాడు అనాథ. అమ్మానాన్న కారు యాక్సిడెంట్‌లో పోతే, అన్న బార్నీతో కలిసి అనాథాశ్రమం నుంచి పారిపోయి సర్కస్‌లో చేరాడు. అక్కడ స్వార్డ్స్‌మన్ అనే కత్తుల ఆటగాడు చేరదీసి విద్య నేర్పాడు. ఒకరోజు ఆ గురువే సర్కస్ డబ్బు కొట్టేస్తూ శిష్యుడికి దొరికిపోయాడు. నోరు మూయించడానికి శిష్యుణ్ణే చంపబోయాడు. మన ఏకలవ్యుడి గురువు బొటనవేలితో సరిపెట్టాడు, ఈ గురువు ప్రాణమే అడిగాడన్నమాట.

సరే, హీరో ఎలా అయ్యాడు? ఐరన్ మ్యాన్‌ని జనం మెచ్చుకోవడం చూసి కుళ్ళుకున్నాడు. నిజం, అంతే. నేనూ చేస్తా అని డ్రెస్ కుట్టించుకుని బయటికొచ్చిన మొదటిరోజే పోలీసులు దొంగ అనుకుని వెంటపడ్డారు. ఆ పరుగులో బ్లాక్ విడో పరిచయమైంది. అప్పటికి ఆమె రష్యన్ గూఢచారి. ప్రేమలో పడి ఆమె మాట విని ఐరన్ మ్యాన్ మీదే బాణాలేశాడు. అంటే మనవాడి ఎంట్రీ విలన్‌గా. 1965లో ఎవెంజర్స్ 16వ ఇష్యూకి థోర్, ఐరన్ మ్యాన్ లాంటి పెద్దతలకాయలు సెలవు తీసుకుంటే, కెప్టెన్ అమెరికా చేతికి ముగ్గురు కొత్తవాళ్ళు వచ్చారు: హాక్‌ఐ, క్విక్‌సిల్వర్, స్కార్లెట్ విచ్. ముగ్గురూ పాత విలన్లే. సీనియర్లంతా ఒకేసారి రిజైన్ చేసి ప్రాజెక్ట్ మొత్తం ఫ్రెషర్ల మీద పడేసినట్టు. నేను జాబ్ చేసేటప్పుడు ఆ ఫ్రెషర్‌ని నేనే, అందుకే ఈ ఇష్యూ అంటే నాకు కొంచెం ఎక్కువ ప్రేమ.

ఇక్కడ ఒక చిన్న ట్విస్ట్. పవర్స్ లేకపోవడం ఆయనకు కూడా నచ్చలేదు! 1969లో ఎవెంజర్స్ 63లో, బ్లాక్ విడో ప్రమాదంలో ఉన్న సమయానికి విల్లు పనిచేయకుండా పోయింది. దాంతో హ్యాంక్ పిమ్ తయారుచేసిన మందు తాగి, ఇంటంత ఎత్తు పెరిగిపోయి, గొలాయత్ అని పేరు మార్చుకున్నాడు. రెండు మూడేళ్ళు అలాగే నడిచింది. కానీ పొడుగ్గా పెరిగే హీరోలు మార్వెల్‌లో చాలామందే ఉన్నారు, గురి తప్పనివాడు ఒక్కడే. 1972 కల్లా మళ్ళీ విల్లు పట్టాడు.

ట్రిక్ బాణాల గురించి మాట్లాడితే రాత్రంతా అవుతుంది. యాసిడ్ బాణం, జిగురు బాణం, వెనక్కి తిరిగొచ్చే బూమరాంగ్ బాణం. సివిల్ వార్ సినిమాలో యాంట్ మ్యాన్ బాణం మీద కూర్చుని వెళ్ళే షాట్‌కి విజిల్స్ వేశాం కదా, అది 1982లోనే ఎవెంజర్స్ 223 కవర్ మీద ఉంది.

ఇప్పుడు అసలు విషయం. 1983లో మార్క్ గ్రూన్‌వాల్డ్ నాలుగు ఇష్యూల హాక్‌ఐ కథ రాసి, తనే బొమ్మలు గీశాడు. అందులో క్రాస్‌ఫైర్ అనే విలన్ దగ్గర మనుషుల బుర్రలు తిప్పి ఒకరినొకరు కొట్టుకునేలా చేసే శబ్దాల మిషన్ ఉంటుంది. వాడి ప్లాన్ వినండి: ఒక సూపర్‌హీరోని చంపాలి, అంత్యక్రియలకు మిగతా హీరోలంతా వస్తారు, అక్కడ మిషన్ ఆన్ చేస్తే వాళ్ళలో వాళ్ళే చచ్చిపోతారు. మరి ఎవర్ని చంపాలి? అందరికన్నా తేలిగ్గా చచ్చేవాణ్ణి. అంటే మా బ్యాచ్ వేసిన జోకునే ఆ విలన్ సీరియస్‌గా తీసుకున్నాడు.

చివర్లో హాక్‌ఐ, మాకింగ్‌బర్డ్ ఇద్దరూ దొరికిపోతారు. మిషన్ దెబ్బకి ఒకరినొకరు చంపుకునే స్టేజ్. అప్పుడు మనవాడు సోనిక్ బాణం ములికిని నోట్లో పెట్టుకుని ఆన్ చేస్తాడు. ఆ శబ్దం ముందు మిషన్ శబ్దం పనిచేయదు. గెలుస్తాడు. కానీ చెవులు పోతాయి. ఇంకొక హీరో అయితే తర్వాతి పేజీకి మామూలైపోయేవాడు. ఈయనకి మాయలేం లేవు కాబట్టి డాక్టర్ దగ్గరికెళ్ళి చెవి మిషన్ పెట్టించుకున్నాడు. మాకింగ్‌బర్డ్‌ని పెళ్ళి చేసుకున్నాడు, తర్వాతి ఏడాది వెస్ట్ కోస్ట్ ఎవెంజర్స్‌కి లీడరయ్యాడు. మిషన్ చెవిలోనే ఉంది.

కామిక్స్‌లో ఏదీ పర్మనెంట్ కాదు కదా. 1996లో హీరోలందరినీ ఒక పిల్లాడి శక్తితో మళ్ళీ పుట్టించే కథ వచ్చింది, దాంతో చెవులు బాగైపోయాయి. రాసేవాళ్ళు కూడా మర్చిపోయారు. 2004లో ఎవెంజర్స్ 502లో అయితే మనిషినే చంపేశారు. అమ్ములపొదికి నిప్పంటుకుంటే, మండుతూనే శత్రువు ఓడ ఇంజన్‌లోకి దూసుకెళ్ళాడు. ఏడాదిలో తిరిగొచ్చాడు. ఈలోపు 2005లో కేట్ బిషప్ అనే అమ్మాయి ఆ విల్లు అందుకుంది. ఇప్పటికీ ఇద్దరూ హాక్‌ఐలే, గొడవ లేదు.

2012లో అమెరికాలో ఒక నాలుగేళ్ళ పిల్లాడు చెవి మిషన్ పెట్టుకోనని మొండికేశాడు. కారణం: సూపర్‌హీరోలు పెట్టుకోరు. వాళ్ళమ్మ మార్వెల్‌కి మెయిల్ రాసింది. వాళ్ళు చెవి మిషన్ పెట్టుకున్న హాక్‌ఐ ఉన్న పాత కవర్ వెతికి పంపారు. ఆ పిల్లాడి కోసం బ్లూ ఇయర్ అనే కొత్త హీరోని కూడా గీశారు. మార్వెల్‌లో అన్ని వందల మంది హీరోలుంటే, ఆ రోజు పనికొచ్చింది ఎవరు? దెబ్బ తగిలితే తగ్గనివాడే.

నాకిది ఎందుకు తగిలిందంటే, మా తాతయ్యకి మేం కొనిచ్చిన చెవి మిషన్ బీరువాలో డబ్బాలోనే ఉండిపోయింది. పెట్టుకుంటే నలుగురూ చూస్తారని. పెళ్ళిళ్ళకి రావడం తగ్గించారు. మేమేమో ఆయనకి మాటలంటే ఇష్టం లేదేమో అనుకున్నాం.

అదే 2012లో మ్యాట్ ఫ్రాక్షన్ రాసి, ఎక్కువగా డేవిడ్ ఆహా గీసిన సిరీస్ మొదలైంది. 22 ఇష్యూలు. హాక్‌ఐ ఎవెంజర్స్ డ్యూటీలో లేనప్పుడు ఏం చేస్తాడు అన్నదే కథ. బ్రూక్లిన్‌లో ఒక పాత అపార్ట్‌మెంట్, ఇరుగుపొరుగు, ఒంటినిండా ప్లాస్టర్లు. పిజ్జా తినే కుక్క కళ్ళతో నడిచే 11వ ఇష్యూకి 2014లో ఐస్నర్ అవార్డు వచ్చింది. అదే ఏడాది వచ్చిన 19వ ఇష్యూ మాత్రం మీరు తప్పకుండా చూడాలి. ఒక హంతకుడి దాడిలో క్లింట్ చెవులు మళ్ళీ పోతాయి, అన్న బార్నీ వీల్‌చెయిర్‌లో పడతాడు. డాక్టర్ మాట్లాడుతుంటాడు, మాటల బుడగలు ఖాళీగా ఉంటాయి. అన్న సైగల భాషలో మాట్లాడతాడు, చేతుల బొమ్మలు ఉంటాయి, కింద అర్థం రాయలేదు. పేజీ తిప్పుతూ పోతాం, సగం ఎక్కదు. సైగల భాష వచ్చినవాళ్ళకి మాత్రం క్లియర్‌గా అర్థమవుతుంది. మొదటిసారి చదివినప్పుడు నేను పీడీఎఫ్ కరప్ట్ అయిందనుకున్నా. (కొనుక్కుని చదవండి, నాలా చేయకండి.)

సినిమాల్లో ఇదేమీ రాలేదు, అక్కడ పెళ్ళాం పిల్లలున్న సీరియస్ ఏజెంట్. 2021 హాక్‌ఐ సిరీస్‌లోనే చెవి మిషన్ తెచ్చారు. మూడో ఎపిసోడ్‌లో అది పగిలిపోయాక చిన్నకొడుకు ఫోన్ చేస్తాడు. క్రిస్మస్‌కి నాన్న వస్తాడా రాడా అన్నది వాడి బెంగ. క్లింట్‌కి ఒక్క ముక్క వినపడదు. పక్కన కూర్చున్న కేట్ వాడి మాటలు గబగబా కాగితం మీద రాసి చూపిస్తుంటే, చదువుతూ జవాబు చెబుతాడు. బాణం లేదు, ఫైట్ లేదు.

ఆ సీన్ ఇంట్లో టీవీలో పెట్టి తాతయ్యకి చూపించా. ఆయనకి వాల్యూమ్ చాల్లేదు. మిషన్ తెమ్మన్నారు.

వచ్చేవారం కేట్ బిషప్ గురించి మాట్లాడుకుందాం. ఉంటా మరి.