రౌటరు రాసుకునే చిట్టా

అన్నయ్య తన కంప్యూటరులో లినక్స్ డౌన్‌లోడు చేస్తున్నాడు. పక్క గదిలో చెల్లాయి వీడియో పాఠం తెరవబోతే తెరుచుకోవడం లేదు. వైఫై దీపం వెలుగుతూనే ఉంది. రౌటరు ఆపి మళ్ళీ వేస్తే బాగుపడింది. కాసేపటికి మళ్ళీ అదే తంతు! ఇదేమి వింత?

సాధారణంగా మనకు కావలసినది ఎక్కడో ఉన్న పెద్ద కంప్యూటరు పంపుతుంది. 'పీర్ టు పీర్' పద్ధతి వేరు. పీర్ అంటే సాటివాడు. ఫైలును ముక్కలుగా చేసి, ఎవరి దగ్గరున్న ముక్కను వారు ఇతరులకిస్తారు. 2001లో అమెరికాకు చెందిన బ్రామ్ కోహెన్ విడుదల చేసిన బిట్‌టొరెంట్ ఇలాంటిదే. (దొంగ సినిమాల వల్ల దీనికి చెడ్డపేరు వచ్చింది గాని, ఉబుంటు, డెబియన్ వంటి లినక్స్‌లను వాటి తయారీదారులే ఇలా పంచుతారు.) ఇందులో మన కంప్యూటరు ఒకేసారి వందలమందితో మాట్లాడవలసి రావచ్చు.

ఇప్పుడొక హాస్టలును ఊహించుకోండి. గదులెన్ని ఉన్నా బయటివారికి తెలిసిన చిరునామా ఒక్కటే. ఎవరు ఉత్తరం రాసినా వార్డెను 'ఫలానా గది నుంచి ఫలానా ఊరికి' అని చిట్టాలో రాసుకుంటాడు. జవాబు రాగానే చిట్టా చూసి ఆ గదికి పంపుతాడు. రౌటరు పని అచ్చం ఇదే. పాత పద్ధతి ఇంటర్నెట్ చిరునామాలు మొత్తం సుమారు 429 కోట్లే. ప్రపంచంలోని ఫోన్లకూ కంప్యూటర్లకూ అవి చాలవు. అందుకే ఇంటిల్లిపాదికీ ఒకే చిరునామా.

ఒక్కో సంభాషణకు చిట్టాలో ఒక వరుస కావాలి. రౌటరు జ్ఞాపకశక్తి తక్కువైతే చిట్టా నిండిపోతుంది. కొత్తగా వచ్చిన చెల్లాయి పాఠానికి చోటుండదు. ఆపి వేస్తే చిట్టా చెరిగిపోతుంది, అందుకే కాసేపు బాగుంటుంది. ఇంకో చిక్కు: చెప్పకుండా వెళ్ళిపోయిన సాటివాడి వరుసను వెంటనే కొట్టివేయరు. చాలా రౌటర్లలో నడిచేది లినక్సే. అందులో మార్పులేవీ చేయకపోతే, అలాంటి వరుస 5 రోజులు ఉంటుంది! వెళ్ళిపోయిన అతిథికి అయిదు రోజులు విస్తరి వేసినట్టు.

కనుక పెట్టె మీద పెద్ద అక్షరాల్లో ఉన్న వేగాన్ని చూసి మురిసిపోకండి. అది గాలిలో రౌటరుకూ ఫోనుకూ మధ్య వేగం. చిట్టా సంగతి అందులో లేదు. ఏకకాలంలో ఎన్ని సంబంధాలు మోయగలదో, ర్యామ్ ఎంతో అడగండి. 'క్యూఓఎస్' సౌకర్యం ఉందా అనీ చూడండి. మనం ఇచ్చే ముక్కలతో లైను నిండినప్పుడు, పాఠాన్ని ముందుకు పంపడానికి అది పనికివస్తుంది.

కొత్తది కొనేముందు ఒక చిన్న ప్రయోగం. బిట్‌టొరెంట్ ప్రోగ్రాము అమరికల్లో గరిష్ఠ సంబంధాల సంఖ్య ఉంటుంది. దాన్ని బాగా తగ్గించి, రౌటరును ఒకసారి ఆపి వేయండి. అప్పుడు పాఠం తెరుచుకుంటూనే ఉంటే, నిండుతున్నది చిట్టాయే అనుకోవచ్చు. అన్నయ్య లినక్స్ మాత్రం కాస్త ఆలస్యంగా వస్తే రావచ్చు.