విడిపోయిన తరువాత ఇంటి అప్పు

మన సంఘాలలో గట్టిగా మాట్లాడుకోని ఒక సంగతిని ఈ దినము మీ ముందు ఉంచుచున్నాను. భార్యాభర్తలు విడిపోయారు. తప్పు ఎవరిది అన్నది ఈ పావుగంటలో మన పని కాదు. మనుష్యులు విడిపోయారు గాని, ఇద్దరూ కలిసి సంతకాలు పెట్టి తీసుకొన్న ఇంటి అప్పు విడిపోలేదు. నెల తిరిగేసరికి బ్యాంకు తన వాయిదా తాను అడుగుతుంది. పిల్లలతో ఆ ఇంటిలో మిగిలిన సహోదరి ఏమి చేయాలి?

రాజులు రెండవ గ్రంథము నాలుగవ అధ్యాయములోని విధవరాలు మీకు తెలుసు. అప్పులవాడు ఆమె ఇద్దరు కుమారులను పట్టుకొని పోవడానికి వచ్చాడు. ఎలీషా ఆమె ఇంటిలో ఏమున్నదో అడిగి తెలుసుకొన్నాడు. నూనె అమ్మి, అప్పు తీర్చి, మిగిలినదానితో తానూ పిల్లలూ బ్రతకమన్నాడు. ఆ వరుసను గమనించండి.

మన సహోదరి కూడా ఇంటిలో ఏమున్నదో చూచుకోవాలి. ఒక నోటుబుక్కు తీసికొని ఒక ప్రక్క జీతము, బంగారము, నడుస్తున్న చీటీలు, ఎల్‌ఐసీ, పీఎఫ్ వ్రాయండి. రెండవ ప్రక్క అప్పులన్నీ వ్రాయండి. ప్రతి అప్పు ఎదుట దాని వడ్డీ కూడా వ్రాయాలి. ఎత్తేసిన చీటీ ఆస్తి కాదు, అది అప్పుల వైపే వ్రాయాలి.

ఇప్పుడు బ్యాంకు సంగతి. అనేకులు ఇక్కడే మోసపోతారు. "కోర్టులో కాగితం వ్రాసుకొన్నాము, ఇంటి అప్పు ఆయనే కడతాడు" అంటారు. ఆ కాగితము మీ ఇద్దరి మధ్యది. బ్యాంకుతో చేసికొన్న ఒప్పందములో ఇద్దరూ సహ రుణగ్రహీతలు. కాబట్టి మొత్తం అప్పుకు ఇద్దరిలో ఎవరినైనా బ్యాంకు అడుగగలదు. ఆయన వాయిదాలు మానేస్తే ఆమె సిబిల్ రికార్డు కూడా పాడవుతుంది. ఇల్లు వదలి వెళ్ళిన సహోదరుడు "ఉంటున్నది ఆమె గదా, ఆమే కట్టుకోనీ" అనుకొంటే ఆయన గతీ అంతే. వాయిదా 90 దినములు దాటి ఆగితే ఆ ఖాతా మొండి బాకీగా మారుతుంది. అటుపైన 2002 నాటి సర్ఫేసీ చట్టము ప్రకారము బ్యాంకు 60 దినముల నోటీసు ఇచ్చి ఇల్లు స్వాధీనపరచుకొనే పని మొదలుపెట్టగలదు. అందుకే ఈ వారమే బ్యాంకుకు వెళ్ళి, వాయిదా ఎవరి ఖాతా నుండి కట్ అవుతున్నదో, ఎన్ని వాయిదాలు బాకీ ఉన్నవో, అసలు ఎంత మిగిలినదో వ్రాతపూర్వకముగా తీసికొనండి.

క్రైస్తవులకు పరస్పర అంగీకారముతో విడాకుల మార్గము 2001లో చేసిన సవరణతోనే వచ్చింది. ఆ దారిన వెళ్ళేవారు ఇల్లు ఎవరికి, అప్పు ఎవరికి, ఏ తేదీలోగా పేరు మార్చాలి అనే మాటలు ఒప్పందములో స్పష్టముగా వ్రాయించుకోవాలి. భరణము కొరకు ఇదివరకు 125వ సెక్షన్ అనేవారు. 2024 జూలై 1 నుండి అది భారతీయ నాగరిక సురక్షా సంహితలో 144వ సెక్షన్. అయితే చేతికి రాని భరణమును నమ్ముకొని వాయిదా లెక్క వేసికొనవద్దు.

ఏ అప్పు ముందు తీర్చాలి? ఇల్లు పోతుందన్న భయముతో ఉన్నదంతా ఊడ్చి ఇంటి అప్పులో వేసేవారున్నారు. అది తెలివైన పని కాదు. నూటికి మూడు రూపాయల వడ్డీ అంటే ఏడాదికి 36 శాతము! క్రెడిట్ కార్డు బాకీ కూడా ఇంచుమించు అంతే తింటుంది. ఇంటి అప్పు వాటి ముందు చాలా చౌక. కాబట్టి ఇంటి వాయిదా మాత్రము తప్పకుండా కడుతూ, చేతి అప్పులను, కార్డు బాకీలను ముందు తీర్చివేయండి. ఇంటిలో ఊరకే ఉన్న నగ అమ్మి మూడు రూపాయల వడ్డీ అప్పు తీర్చడము అవమానము కాదు. మందిర నిర్మాణానికి ఇస్తామని చెప్పిన కానుక ఉంటే కాపరితో మాట్లాడి గడువు అడగండి. వడ్డీకి తెచ్చి ఇవ్వవద్దు. అలా తెమ్మని ఏ మంచి కాపరీ అడుగడు.

తరువాత మూడు నాలుగు నెలల ఖర్చులకు, వాయిదాలకు సరిపడే సొమ్ము ప్రక్కన ఉంచండి. పిల్లవానికి జ్వరము వస్తే మరల వడ్డీ వ్యాపారి గడప తొక్కకుండా ఉండడానికి ఇది. ఆ తరువాతనే ఇంటి అప్పు అసలు మీదికి రండి.

ఒక లెక్క చెబుతాను, కలము ఉంటే వ్రాసికొనండి. 20 లక్షల అప్పు, 9 శాతము వడ్డీ, 20 ఏళ్ళు. నెల వాయిదా సుమారు 17,995 రూపాయలు. మొదటి నెల వాయిదాలో 15,000 వడ్డీకే పోతుంది. అయిదేళ్ళు కట్టిన తరువాత చూస్తే, కట్టినది దాదాపు 10 లక్షల 80 వేలు. అసలులో తగ్గినది మాత్రము సుమారు 2 లక్షల 26 వేలు. ఇది చూచి అనేకులు కృంగిపోతారు. అయితే అక్కడ నుండి నెలకు 2,000 రూపాయలు ఎక్కువ కట్టండి. మిగిలిన 180 నెలలు 147కు దిగుతాయి. వడ్డీలో 3 లక్షలకు పైగా మిగులుతుంది. మారే వడ్డీ మీద వ్యక్తులు తీసికొన్న ఇంటి అప్పును ముందుగా తీరిస్తే జరిమానా వేయకూడదని రిజర్వు బ్యాంకు 2012లోనే బ్యాంకులను ఆదేశించింది. అదనముగా కట్టినప్పుడు వాయిదా తగ్గించమనక, గడువు తగ్గించమని వ్రాసి ఇవ్వండి. నోటిమాట చాలదు.

వాయిదా జీతములో సగము మింగుచున్నదా? అప్పుడు ఇల్లు నిలుపుకోవడమే జయము అనుకోవద్దు. వేలానికి రాకముందే, బ్యాంకుకు చెప్పి, ఇద్దరి సంతకాలతో అమ్మితే మంచి ధర వస్తుంది. అద్దె ఇంటిలో నెమ్మదిగా నిద్రపోవడము కూడా ఒక మేలే.

ఇల్లు ఆమెకే అని తీర్మానమైతే, ఆయన తన భాగము విడుదల దస్తావేజు ద్వారా సబ్ రిజిస్ట్రార్ ఆఫీసులో రిజిస్టరు చేసి ఇవ్వాలి. దానికి ముందు బ్యాంకు ఒప్పుకోలు కావాలి. ఆమె జీతము ఒక్కటే ఆ అప్పు మోయగలదని చూస్తేనే బ్యాంకు ఆయన పేరు తీస్తుంది. చాలకపోతే తమ్మునినో తండ్రినో చేర్చమంటారు. చేరినవానికి అది మాటసాయము కాదు, పూర్తి అప్పు అని ముందే చెప్పండి. ఎల్‌ఐసీ, పీఎఫ్, బ్యాంకు ఖాతాలలో నామినీ పేరు దానంతట అది మారదు. దానినీ చూచుకోండి.

సంఘములోని పెద్దలకు ఒక మాట. ఆరాధన అయిన తరువాత ఆమెను "ఏమైందమ్మా" అని పదిమంది అడుగుటకంటె, లెక్క తెలిసిన ఒక సహోదరి ఆమెతో కూడ బ్యాంకు వరకు వెళ్ళడము మేలు.

ఆఖరి వాయిదా కట్టిన దినమున సంతోషముతో ఊరకే ఇంటికి వచ్చేయకండి. అప్పు పూర్తిగా తీరిన 30 దినములలో అసలు దస్తావేజులు తిరిగి ఇవ్వాలని, తన వలన ఆలస్యమైతే దినమునకు 5,000 రూపాయలు చెల్లించాలని రిజర్వు బ్యాంకు 2023లో నియమము పెట్టింది. బాకీ లేదనే పత్రము కూడ తీసికొనండి. తరువాత ఈసీ తీయించి, బ్యాంకు తాకట్టు రద్దయినట్టు అందులో నమోదైనదో లేదో మీ కన్నులతో చూచుకోండి.