చచ్చిన పశువు ఎముక చెప్పు సాక్ష్యము

గ్రామములో ఒక ఎనుము ఆకస్మికముగా మరణించినచో ఆ నష్టము యజమానిది. మరణకారణము తెలియనిచో ఆపద గ్రామమంతటిది. ఆదోని, ఎమ్మిగనూరు ప్రాంతపు ఎండలలో పశువైద్యుడు వచ్చునప్పటికే కళేబరము చెడిపోవుట సాధారణము. పేగులలోని సూక్ష్మజీవులు కొన్ని గంటలలోనే కాలేయము, ప్లీహములకు ప్రాకును. అట్టి నమూనాలను ప్రయోగశాలకు పంపినను ఫలితము తక్కువ.

అయితే పొడుగాటి ఎముకలోని మూలుగ అంత త్వరగా చెడదు. గట్టి ఎముక దానికి రక్షణ. గొంతువాపు వ్యాధి క్రిములు రక్తముద్వారా మూలుగలో చేరును గనుక, చచ్చి చాలసేపయిన పశువునందు సైతము వానిని గుర్తింపవచ్చును.

ఇచ్చట ఒక హెచ్చరిక. దొమ్మవ్యాధితో చచ్చిన పశువును ఎట్టి పరిస్థితిలోను కోయరాదు. ముక్కు, నోరు, మలద్వారములనుండి గడ్డకట్టని నల్లని రక్తము కారుట, కళేబరము త్వరగా ఉబ్బుట దాని గుర్తులు. కోసినచో ఆ క్రిములు గాలి తగిలి విత్తులవంటి రూపము దాల్చి, నేలలో దశాబ్దములు నిలుచును, మనుష్యులకును సోకును. గొంతువాపు కూడ ఒకటి రెండు దినములలోనే చంపును గనుక కంటిచూపుతో తేల్చుట కష్టము. కావున పశువైద్యుడు ముందుగా చెవి సిరనుండి రక్తపుచుక్క తీసి, గాజుపలకపై పూసి పరీక్షించును. క్రుళ్ళిన కళేబరమున దొమ్మక్రిమి కనబడకపోవచ్చును. అనుమానము మిగిలినచో కోయక, లోతుగా పూడ్చుటయే క్షేమము. చర్మమునకు ఆశపడి వైద్యుడు రాకముందే ఒలిపించు యజమానులను పంచాయతీ వారింపవలెను.

దొమ్మ కాదని వైద్యుడు నిశ్చయించిన పిదపనే ఎముక తీయుట. మాంసము గీకివేసి, కొనలు విరుగనీయక, శుభ్రమైన గుడ్డలో చుట్టి, నీరు చొరని సంచిలో కట్టి, మంచుగడ్డలతో థర్మోకోల్ పెట్టెలో ఉంచుదురు. ఫార్మలిన్‌లో వేయరాదు, క్రిములు చచ్చినచో ప్రయోగశాలలో పెంచుటకేమియు మిగులదు. ఆదోనినుండి కర్నూలు సుమారు 100 కిలోమీటర్లు. దారిలో మంచు కరగి చీటీ తడియుట కద్దు. అందుచే చీటీని వేరు సంచిలో పెట్టవలెను. పశువు వయస్సు, చచ్చిన వేళ, కనబడిన లక్షణములు, కడపటి టీకా తేదీ అందుండవలెను. టీకా తేదీ యజమానికి జ్ఞాపకముండదు. పంచాయతీ పుస్తకమున వ్రాసియుంచుట మేలు.

2009 నాటి పశువుల అంటువ్యాధుల నివారణ చట్టము ప్రకారము, అనుమానము కలిగిన యజమాని గ్రామాధికారికిగాని పంచాయతీకిగాని తెలుపవలెను; అచ్చటినుండి ఆ వార్త వ్రాతమూలకముగా పశువైద్యునికి చేరును. జనవరిలో ఎమ్మిగనూరు జాతరకు ఎన్నో ఊళ్ళ ఎద్దులు చేరును గనుక, ఆ దినములలో ఈ వార్త ఒక్కపూట ఆలస్యమైనను వ్యాధి పొరుగూళ్ళకు నడచిపోవును. గొంతువాపు అని తేలినచో చుట్టుప్రక్కల పశువులకు వెంటనే టీకాలు వేయింపవచ్చును. ఏటేటా వానలకు ముందు వేయించు టీకా అదియే.