లిథియం బ్యాటరీ నిండినట్లు ఎలా తెలుస్తుంది?

కుండ నిండితే నీళ్ళు పొర్లుతాయి. చూడగానే తెలిసిపోతుంది. మరి సెల్‌ఫోనులోని లిథియం బ్యాటరీ నిండినట్లు ఛార్జరుకు ఎలా తెలుస్తుంది? లోపలికి తొంగిచూసే వీలు లేదు కదా!

కార్లలో వాడే మూతలున్న సీసపు బ్యాటరీకి ఈ చిక్కు లేదు. ఛార్జి ఎక్కేకొద్దీ దానిలోని ఆమ్లం సాంద్రత పెరుగుతుంది. హైడ్రోమీటరు సుమారు 1.28 చూపితే నిండినట్లే. కాస్త ఎక్కువ ఛార్జి చేస్తే నీరు విడిపోయి వాయువుల బుడగలు వస్తాయి. తగ్గిన నీటిని మళ్ళీ పోసుకోవచ్చు.

1991లో సోనీ కంపెనీ మొదటిసారి అమ్మకానికి తెచ్చిన లిథియం అయాను బ్యాటరీ తీరు వేరు. ఇందులో సాధారణంగా ధన ఎలక్ట్రోడు లిథియం కోబాల్టు ఆక్సైడు, రుణ ఎలక్ట్రోడు గ్రాఫైటు. ఛార్జి చేసేటప్పుడు లిథియం అయానులు ధన ఎలక్ట్రోడును వదిలి, మధ్యనున్న ద్రవం గుండా వెళ్ళి, గ్రాఫైటు పొరల నడుమ చేరతాయి. ఘటం వోల్టేజి సుమారు 3 నుంచి పెరుగుతూ 4.2 వోల్టులకు చేరుతుంది. విచిత్రమేమంటే, అప్పటికి ధన ఎలక్ట్రోడులోని లిథియంలో సుమారు సగమే బయటికి వస్తుంది!

మిగిలిన సగాన్ని కూడా లాగితే? ఆ పదార్థం నిర్మాణం చెడి ఆక్సిజన్ వెలువడవచ్చు. అటు గ్రాఫైటులో చోటు చాలక, దానిపై లిథియం లోహం పేరుకుంటుంది. వేడి పెరిగి, మండే స్వభావమున్న ఆ ద్రవం అంటుకోవచ్చు. అందుకే 4.2 వోల్టుల వద్ద హద్దు పెట్టారు. ఇక్కడ నిండటమంటే కుండ అంచు కాదు. ప్రమాదానికి ముందే మనిషి గీసిన గీత.

అయితే మీటరు 4.2 చూపగానే ఆపేయవచ్చునా? ఆపితే బ్యాటరీ పూర్తిగా నిండదు. పాలు పితికేటప్పుడు నురుగు చెంబు అంచును తాకుతుంది. అణిగాక చూస్తే పాలు కిందే ఉంటాయి. ఇదీ అలాంటిదే. ఘటానికి అంతర్నిరోధం ఉంటుంది. అది 0.1 ఓము అనుకోండి. 1 ఆంపియరు ప్రవాహం పంపితే, ఓమ్ నియమం ప్రకారం 1 × 0.1 = 0.1 వోల్టు ఆ నిరోధానికే పోతుంది. మీటరు 4.2 చూపినా ఘటం అసలు వోల్టేజి 4.1 మాత్రమే!

కాబట్టి ఛార్జరు రెండు దశలలో పనిచేస్తుంది. మొదట స్థిరమైన ప్రవాహాన్ని పంపుతుంది. 4.2 వోల్టులు చేరాక వోల్టేజిని అక్కడే నిలుపుతుంది. ఘటం నిండేకొద్దీ ప్రవాహం దానంతటదే సన్నగిల్లుతుంది. 2000 మిల్లీ ఆంపియర్-గంటల ఘటంలో అది 0.1 ఆంపియరుకు తగ్గిందనుకోండి. ఇప్పుడు నిరోధానికి పోయేది 0.01 వోల్టే. నురుగు అణిగింది, ఘటం నిండింది! ఛార్జరు ప్రవాహాన్ని పూర్తిగా ఆపేస్తుంది.

అన్ని లిథియం ఘటాలకూ హద్దు 4.2 కాదు. లిథియం ఇనుము ఫాస్ఫేటు ఘటానికి అది 3.65 వోల్టులు. దానిని 4.2 వోల్టుల ఛార్జరుకు తగిలించడం అపాయం. అందుకే ఏ బ్యాటరీకి తగిన ఛార్జరు దానికే వాడాలి.

ఈసారి ఇంట్లో ఫోను ఛార్జికి పెట్టినప్పుడు 10 నిమిషాలకొకసారి తెరపై శాతాన్ని రాసుకుని గ్రాఫు గీయండి. చాలా ఫోనులలో చివరికి వచ్చేసరికి రేఖ వంగుతుంది. ఎందుకో ఇప్పుడు మీరే చెప్పగలరు. ఒక్క జాగ్రత్త: ఉబ్బిన బ్యాటరీని ఛార్జి చేయకండి, ఏ బ్యాటరీనీ విప్పి చూడకండి.