వెర్సాయ్‌లో నీళ్ల లెక్క

వెర్సాయ్ చూడబోయేవాళ్లకు నా సలహా ఒకటే. ముందు తోటలోకి నడవండి, రాజభవనం తర్వాత చూడొచ్చు. మావారు ఇరిగేషన్‌లో ఇంజనీరుగా రిటైరయ్యారు కాబట్టి మేం అలాగే చూశాం. పారిస్ నుంచి లోకల్ రైల్లో వెళ్లి దిగాక నేను అద్దాల మందిరం వైపు లాగుతుంటే, ఆయన "చుట్టుపక్కల నది లేదే! ఇన్ని ఫౌంటెన్లకు నీళ్లెక్కణ్నుంచి తెచ్చారంటావ్?" అన్నారు. ఆ ప్రశ్న వెంట నడిచాకే ఆ వైభవానికి ఎంత ఖరీదు పెట్టారో నాకు తెలిసింది.

పదమూడో లూయీ 1623లో వేటకని చిన్న విడిది కట్టుకున్న చోటది. చుట్టూ అడవి, చిత్తడి నేల. ఆయన కొడుకు పద్నాలుగో లూయీ 1661 నుంచి దాన్ని పెంచుకుంటూ పోయి, 1682లో కొలువు మొత్తాన్నీ అక్కడికి తరలించాడు. లె నోత్ర్ అనే ఉద్యానశిల్పి తోటకు రూపమిచ్చాడు. అందులో కాలువ ఒక్కటే మైలు పైచిలుకు పొడవు. ఫౌంటెన్లు కట్టినకొద్దీ చెరువులు చాల్లేదు.

సేన్ నది దూరంగా, బాగా దిగువన ఉంది. అక్కడ మార్లీ దగ్గర 1684లో ఒక మహాయంత్రం పెట్టారు. నది పారే ఊపుకు 14 పెద్ద చక్రాలు తిరిగేవి. ఆ చక్రాలు రెండు వందలకు పైగా పంపుల్ని ఆడించేవి. నీళ్లు మూడు అంచెలుగా 150 మీటర్లకు పైగా ఎక్కేవి. కరెంటు లేదు, ఆవిరి యంత్రం లేదు, అంతా చెక్క, ఇనుము. మావారు వేలితో అరచేతిలో బొమ్మ గీసి మరీ చెప్పారు. నది తన నీళ్లను తనే కొండెక్కించడమన్న మాట. ఆ పని చేసిన వడ్రంగి రెన్నెకాన్ సువాలెమ్ పేరు నేను డైరీలో రాసుకున్నాను.

అయినా సరిపోలేదు. అన్ని ఫౌంటెన్లూ ఒకేసారి విప్పే వీల్లేక, రాజు వస్తుంటే పనివాళ్లు ఈలలు వేసుకుని ముందున్నవి విప్పి, దాటిపోయినవి కట్టేసేవారట. ఇక లాభం లేదని 1685లో ఏర్ నదినే మళ్లించబోయారు. వేలమంది సైనికుల్ని కాలువ తవ్వడానికి దించారు. వాళ్లలో ఎందరో జ్వరాలతో పోయారు. అంతలో యుద్ధం వచ్చింది, పని ఆగిపోయింది, చుక్క నీరు రాలేదు. సాగుకు కాదు, తాగడానికీ కాదు, చూసుకోవడానికి! కాలువ పనుల దగ్గర క్యాంపుల్లో కాపురం చేసినదాన్ని, ఆ కూలి బతుకు నాకు తెలుసు. నాకు చాలాసేపు మాట రాలేదు.

ఆ తర్వాతే భవనంలోకి వెళ్లాం. అద్దాల మందిరం 73 మీటర్ల పొడవు. పదిహేడు కిటికీలకు ఎదురుగా పదిహేడు కమానులు, వాటిలో 357 అద్దాలు. అప్పట్లో పెద్ద అద్దాలంటే వెనిస్ వాళ్ల సొత్తు. అక్కడి పనివాళ్లను ఆశపెట్టి రప్పించి ఫ్రాన్సులోనే చేయించారు. మొదటి ప్రపంచ యుద్ధం తర్వాత జర్మనీతో 1919లో సంధి జరిగిందీ ఈ గదిలోనే.

అక్కడ నిలబడితే నాకు కృష్ణ ఒడ్డున మన కొల్లూరు వజ్రాల గని గుర్తొచ్చింది. ఆ గనిలో దొరికిందని చెప్పే నీలి వజ్రాన్ని టావెర్నియే అనే వర్తకుడు 1668లో పద్నాలుగో లూయీకే అమ్మాడు. 1792లో అది దొంగలపాలైంది. దాన్నే మళ్లీ సానబెట్టగా వచ్చిన హోప్ వజ్రం ఇప్పుడు వాషింగ్టన్‌లో ఉంది. కొల్లూరేమో పులిచింతల జలాశయంలో మునిగింది.

రాణి పడకగదిలో తొందరపడకండి. 1789 అక్టోబరులో రొట్టె కరువై పారిస్ ఆడవాళ్లు వేలాదిగా నడిచి ఇక్కడికి వచ్చారు. మర్నాడు తెల్లవారుజామున గుంపు లోపలికి చొరబడింది. మంచం పక్కన గోడలో కలిసిపోయినట్టుండే చిన్న తలుపు గుండా అప్పటి రాణి మారీ ఆంత్వానెత్ తప్పించుకుంది. ఆ రోజే రాజకుటుంబాన్ని పారిస్ తీసుకుపోయారు. తర్వాత భవనంలోని సామాను వేలం వేశారు. గోడకున్న పూల పట్టు, తలుపుకున్న పట్టు ఒకటే కాబట్టి ఆ తలుపు చప్పున కనబడదు. దగ్గరగా వెళ్లి వెతకండి.