తూర్పు కనుమల మీద హెలికాప్టర్ విద్య

విశాఖపట్నం నుంచి అరకు లోయకు ఘాట్ రోడ్డు మీదుగా సుమారు 115 కిలోమీటర్లు ఉండగా, ఆకాశమార్గాన ఆ దూరం 80 కిలోమీటర్లకు మించదు; హెలికాప్టర్‌కు అది అరగంట పని. అయితే సముద్రమట్టాన బయలుదేరి, అనంతగిరి కొండలు దాటి, దాదాపు 900 మీటర్ల ఎత్తున దిగవలసిన ఆ అరగంటలో పైలట్ నేర్చిన విద్య యావత్తూ పరీక్షకు నిలుస్తుంది.

జీతం తీసుకుని హెలికాప్టర్ నడపాలంటే పౌర విమానయానాన్ని నియంత్రించే డీజీసీఏ నుంచి కమర్షియల్ పైలట్ లైసెన్సు పొందాలి. పద్దెనిమిదేళ్లు నిండి, భౌతికశాస్త్రం, గణితాలతో ఇంటర్మీడియట్ చదివి, ప్రథమశ్రేణి వైద్యపరీక్షలో నెగ్గి, విమానయాన నియమాలు, నావిగేషన్, వాతావరణశాస్త్రం వంటి పేపర్లలో ఉత్తీర్ణులై, 150 గంటల ప్రయాణానుభవం గడించినవారికి అది లభిస్తుంది. ఆ గంటలకయ్యే ఖర్చు సామాన్య కుటుంబాలకు అందేది కాదు కనుక, ఈ వృత్తిలో ఉన్నవారిలో చాలామంది సైనిక దళాలలో నేర్చుకుని వచ్చినవారే. వాయుసేన హెలికాప్టర్ శిక్షణ పాఠశాల హైదరాబాద్ శివార్లలోని హకీంపేటలోనూ, నౌకాదళ పాఠశాల తమిళనాడులోని అరక్కోణంలోనూ ఉన్నాయి.

శిక్షణలో కొత్తవారిని ఎక్కువగా ఏడిపించేది హోవరింగ్, అంటే గాలిలో ఒకేచోట నిలపడం. ఎడమచేతి పక్కనున్న కలెక్టివ్ అనే కడ్డీని ఎత్తితే రెక్కల వాలు పెరిగి యంత్రం లేస్తుంది. లేస్తూనే దాని దేహం ఒకవైపు తిరగబోతుంది. దాన్ని ఆపడానికి పెడల్ తొక్కితే తోక రోటర్ నెట్టుడుకు యంత్రం పక్కకు జరుగుతుంది. ఆ జరుగుడును కుడిచేతిలోని సైక్లిక్‌తో సరిదిద్దాలి. ఒకటి కదిపితే మిగతా రెండూ కదపక తప్పదు.

మైదానంలో చేతికి వచ్చిన ఈ ఒడుపు కొండల్లో అలాగే చెల్లదు. ఎత్తు పెరిగేకొద్దీ, ఎండ ముదిరేకొద్దీ గాలి పలచబడుతుంది. 900 మీటర్ల ఎత్తున ఉష్ణోగ్రత 33 డిగ్రీలకు చేరితే, యంత్రానికి ఆ గాలి సుమారు 1,750 మీటర్ల ఎత్తులోని గాలితో సమానం. తీరంలో సునాయాసంగా మోసిన బరువును అక్కడ హోవరింగ్‌లో మోయలేకపోవచ్చు కనుక, ఎందరిని ఎక్కించాలో, ఎంత ఇంధనం నింపాలో నేలమీద ఉండగానే లెక్కగట్టుకోవాలి.

మాచ్‌ఖండ్, సీలేరు జలవిద్యుత్ కేంద్రాల నుంచి లోయలు దాటివచ్చే హైటెన్షన్ తీగలు మరో ప్రమాదం. తీగ కంటబడేసరికి తప్పించుకునే వ్యవధి మిగలదు కనుక, పైలట్లు తీగకు బదులు టవర్ కోసం వెతికి, సరిగ్గా దాని మీదుగానే దాటుతారు.

వీటన్నిటికన్నా ప్రాణాంతకం మేఘం. ఇదే కనుమల శ్రేణికి చెందిన నల్లమలలో 2009 సెప్టెంబరు 2న ముఖ్యమంత్రి వై.ఎస్. రాజశేఖరరెడ్డి ప్రయాణిస్తున్న బెల్ 430 కూలి ఐదుగురూ మరణించారు. సిబ్బంది గేర్‌బాక్స్ ఆయిల్ ఒత్తిడి సమస్యలో తలమునకలై ఉండగా వాతావరణం ప్రతికూలించిందని విచారణలో తేలింది. ఇద్దరు పైలట్లు, రెండు ఇంజన్లు ఉన్న యంత్రానికే అలా జరిగిందన్నది గమనార్హం. దారి మూసుకుపోతున్నప్పుడు వెనుదిరగడం శిక్షణలో పాఠమే గాని, ముఖ్యులు వెనక సీట్లో ఉన్నప్పుడు దాన్ని పాటించడానికి పైలట్‌కు గుండెదిటవు కావాలి, యాజమాన్యం అండా కావాలి.

మన్యంలో రోడ్డులేని గూడేల నుంచి గర్భిణులను ఇంకా డోలీల్లో మోసుకువస్తున్న స్థితిలో హెలికాప్టర్ అంబులెన్సు ఆలోచన ఆకర్షణీయమే. అయితే కొండవాలున చదునైన చోటు, దరిదాపుల్లో ఇంధనం, గాలీ వానా తెలిపే కేంద్రం, ఆ లోయలలో అనుభవజ్ఞుల పక్కన కూర్చుని తర్ఫీదైన పైలట్లు సమకూరనిదే యంత్రం ఒక్కటీ కొని ప్రయోజనం లేదు; వాటిలో అన్నిటికన్నా ఆలస్యంగా తయారయ్యేది పైలటే.